హాఫ్ నుంచి ఫుల్‌కి: 18 వారాల్లో హైదరాబాద్ మారథాన్‌కి సిద్ధం కావచ్చా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్ల కోసం ముందు క్లుప్తంగా చెప్తాను. మీకు 38 ఏళ్లు, మియాపూర్‌లో ఇల్లు, బ్యాంకులో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. రెండు 10కేలు (10 కి.మీ. రేసులు), ఒక హాఫ్ మారథాన్ (21.1 కి.మీ.) చేశారు. హాఫ్‌కి 2 గంటల 35 నిమిషాలు పట్టింది. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో ఫుల్ (42.2 కి.మీ.) చేయాలని ఉంది, చేతిలో 18 వారాలున్నాయి. వారానికి నాలుగు రోజులే వీలు, అదీ పొద్దున ఐదు నుంచి ఆరున్నర దాకా. ఫ్లైఓవర్ దిగేటప్పుడు కుడి మోకాలి బయటి వైపు నొప్పి వస్తోంది. శాకాహారులు, పొద్దున్నే ఏమీ తినబుద్ధి కాదు. "ఆడవాళ్లు అంత దూరం పరుగెత్తితే గర్భసంచి జారుతుంది" అని అత్తగారు, రోజూ పేపర్లో వచ్చే గుండెపోటు వార్తలు చూసి మీవారు టెన్షన్ పడుతున్నారు. "అక్కా, నావల్ల అవుతుందా? సూటిగా చెప్పండి" అని అడిగారు.

అవుతుంది. కాకపోతే ఇప్పుడు పరుగెత్తుతున్న పద్ధతి మార్చుకోవాలి.

నాకు 54 ఏళ్లు. నలభైకి కాస్త ముందు మొదలుపెట్టాను. హైదరాబాద్ ఫుల్ ఆరుసార్లు, ముంబైది రెండుసార్లు పూర్తిచేశాను. మా కాలనీలో కొత్తగా పరుగు మొదలుపెట్టే ఆడవాళ్లకు తోడుగా వెళ్తుంటాను. డాక్టర్ని కాను, కాబట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిన చోట వెళ్లమనే చెప్తాను. అక్కా అన్నారు కనుక చనువుగానే రాస్తున్నాను.

ప్రశ్నతోపాటు మీరు పెట్టిన మీ పరుగుల రికార్డులో నాకు అన్నిటికంటే ముందు కనిపించింది మీ మామూలు రోజుల స్పీడు. హాఫ్ రేసులో మీరు కిలోమీటరుకి సగటున 7 నిమిషాల 21 సెకన్లు పరుగెత్తారు. మంగళవారం, గురువారం మాత్రం 7 నిమిషాలకీ 7:10కీ మధ్య ఉంటున్నారు. అంటే రేసు రోజుకంటే మామూలు రోజే ఎక్కువ వేగంగా వెళ్తున్నారు. వారానికి 25 కి.మీ. చేసినంతకాలం ఒళ్లు దీన్ని భరిస్తుంది. 45 కి.మీ.కి వెళ్లగానే భరించదు. మోకాలో, పిక్కో, మడమో ఏదో ఒకటి అలిగి కూర్చుంటుంది. తొలి ఫుల్‌కి తయారయ్యేవాళ్లలో రేసు దాకా రాకుండానే ఆగిపోయినవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లలో ఎక్కువమందిది ఇదే కథ.

మీ మామూలు పరుగు కిలోమీటరుకి 8:15కీ 8:45కీ మధ్య ఉండాలి. వాచీ చూడకుండా తెలుసుకోవాలంటే పక్కనున్న మనిషితో మాట్లాడండి. "రాత్రి వంకాయ కూర మాడింది, పిల్లలు తినలేదు, మళ్లీ పప్పు పెట్టాను" అని మధ్యలో ఆయాసపడకుండా చెప్పగలిగితే స్పీడు సరిగ్గా ఉన్నట్టు. "వంకాయ... మాడింది" అని ఆగాల్సి వస్తే ఎక్కువైనట్టు. మొదటి రెండు వారాలు ఇది సిగ్గుగా ఉంటుంది. పార్కులో నడిచేవాళ్లు కూడా మనల్ని దాటుతున్నట్టు అనిపిస్తుంది. ఓర్చుకోండి. నెమ్మదిగా పరుగెత్తినప్పుడే కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి, ఒంట్లోని కొవ్వును ఇంధనంగా వాడుకోవడం శరీరానికి అలవాటవుతుంది. ఫుల్‌లో చివరి పది కిలోమీటర్లు మిమ్మల్ని ఈడ్చుకెళ్లేది ఆ అలవాటే.

ఇప్పుడు 18 వారాల సంగతి. మంగళ, గురువారాలు 50 నుంచి 70 నిమిషాల నెమ్మది పరుగు. శనివారం 40 నిమిషాలతో మొదలుపెట్టి 75 దాకా పెంచండి. ఆదివారం లాంగ్ రన్, అంటే వారం మొత్తంలో అన్నిటికంటే ఎక్కువ దూరం పరుగు. ఇప్పుడు మీరు హాయిగా 14 కి.మీ. చేస్తున్నారు కాబట్టి మొదటి ఆదివారం 14, ఆ తర్వాత 16, 18, నాలుగో వారం తగ్గించి 13. తర్వాత 19, 21, 23, మళ్లీ 16. ఆపైన 24, 26, మళ్లీ 17. పన్నెండో వారం 28, తర్వాత 18, 24, పదిహేనో వారం 30. అక్కడితో దూరాలు అయిపోయినట్టే. తర్వాతి ఆదివారం 20, ఆ పైవారం 12, ఆ తర్వాత రేసు. తగ్గించిన వారాల్లో ఒంట్లో బాగుందని దూరం కలపొద్దు. కండరం గట్టిపడేది ఆ విశ్రాంతిలోనే.

32, 35 కి.మీ. కూడా చేయాలని గ్రూపుల్లో చెప్తారు. మూడున్నర, నాలుగు గంటల్లో ఫుల్ పూర్తిచేసేవాళ్లకు అది సరిపోతుంది. మీ స్పీడులో 30 కి.మీ. అంటేనే నాలుగుంపావు గంటలు. అంతకు మించి రోడ్డు మీద ఉంటే వచ్చే లాభం తక్కువ, కోలుకోవడానికి పట్టే రోజులు ఎక్కువ. సోమవారం బ్యాంకులో మళ్లీ ఎనిమిది గంటలు కూర్చోవాలి కదా.

ఇక్కడ ఇంట్లో మాట్లాడాల్సిన విషయం ఒకటుంది. ఐదు నుంచి ఆరున్నర అనే లెక్క ఆదివారాలకు సరిపోదు. కనీసం ఎనిమిది, తొమ్మిది ఆదివారాలు తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరి ఎనిమిదికో తొమ్మిదికో వస్తారు. వచ్చాక గంటసేపు ఏ పనికీ ఒళ్లు లేవదు. ఆ రోజు టిఫిను, పిల్లల స్నానాలు ఎవరు చూస్తారో ఇప్పుడే క్యాలెండర్ మీద తేదీలు రాసి మాట్లాడుకోండి. నేను మొదటి ఏడాది అడగలేదు. పరుగు నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా ఇడ్లీ పిండి తీసి పొయ్యి దగ్గర నిలబడేదాన్ని. జూన్ నెలాఖరుకల్లా నిద్ర చాలక జ్వరం పడ్డాను. లాంగ్ రన్ తర్వాత మధ్యాహ్నం ఒక గంట నిద్ర కూడా ట్రైనింగ్‌లో భాగమే అని ఇంట్లోవాళ్లకు మొదట్లోనే చెప్పండి.

రూట్ గురించి. ఇటీవలి సంవత్సరాల్లో ఫుల్ నెక్లెస్ రోడ్డులోని పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తోంది. దారి ఏటా కొంచెం మారుతుంది, మ్యాప్ రాగానే చూసుకోండి. కానీ స్వభావం మారదు. హుస్సేన్ సాగర్ ఒడ్డున చదునుగా, చల్లగాలిలో మొదలవుతుంది. ఒళ్లు తేలిగ్గా ఉంటుంది, చుట్టూ వందలమంది, చప్పట్లు. అక్కడే అందరూ స్పీడు పెంచేస్తారు. తర్వాత పంజాగుట్ట ఫ్లైఓవర్, జూబ్లీ హిల్స్ ఎత్తుపల్లాలు, దుర్గం చెరువు మీద కేబుల్ బ్రిడ్జి, గచ్చిబౌలి వైపు మళ్లీ ఎక్కుడు దిగుడు. ఈ ఊరు రాతిగుట్టల మీద కట్టిన ఊరు, చదును రోడ్డు తక్కువ. విశాఖ బీచ్ రోడ్డు మీద ఎవరికైనా వచ్చిన టైము చూసి ఇక్కడా అంతే వస్తుందనుకోవద్దు. ఇక్కడ ఎండ వచ్చేసరికి మీరు ఫ్లైఓవర్ల మీద ఉంటారు, అక్కడ ఒక్క చెట్టు నీడ ఉండదు.

అందుకని ఏడో వారం నుంచి గురువారం పరుగులో ఎక్కుళ్లు కలపండి. ఒక మోస్తరు ఏటవాలు రోడ్డు చూసుకుని నిమిషం పాటు పైకి చిన్న చిన్న అడుగులతో, నడకతో కిందికి. ఆరుసార్లతో మొదలుపెట్టి పదిసార్ల దాకా. తెల్లవారకముందు ట్రాఫిక్ నడిచే ఫ్లైఓవర్ ఎక్కొద్దు. ఆ టైములో లారీలు, క్యాబులు ఎంత స్పీడుగా వస్తాయో మీకు తెలుసు. మీ వైపు బీహెచ్ఈఎల్ టౌన్‌షిప్ రోడ్లు మామూలు రోజులకు బాగుంటాయి. ఎక్కుళ్ల కోసం నెలకు ఒకటి రెండు ఆదివారాలు కేబీఆర్ పార్కు చుట్టూ బయటి ఫుట్‌పాత్ మీద చేయండి. చీకట్లో ఒంటరిగా వద్దు. ఊళ్లో పేటకో రన్నింగ్ గ్రూపు ఉంది, మీ స్పీడువాళ్లు ఇద్దరు దొరికినా చాలు. కుక్కలు వెంటపడితే ఆగి నడవండి, పరుగెత్తకండి. మెరిసే పట్టీలున్న జాకెట్ వేసుకోండి, ఎదురుగా వచ్చే బళ్లు కనిపించేలా కుడివైపున వెళ్లండి.

మోకాలు. ఐదారు కిలోమీటర్ల తర్వాత మొదలై, దిగేటప్పుడు ఎక్కువై, బయటి వైపు గుచ్చినట్టుగా ఉండి, ఆపి నడిస్తే తగ్గిపోతుందని రాశారు. ఇది ఐటీ బ్యాండ్ నొప్పి లక్షణంలా ఉంది. తుంటి నుంచి మోకాలి కింద దాకా తొడ బయటి వైపు ఉండే గట్టి పట్టీ అది. తుంటి పక్క కండరాలు బలహీనంగా ఉంటే ప్రతి అడుగుకీ మోకాలు లోపలికి వంగి, ఆ పట్టీ అడుగున ఒత్తిడి పెరుగుతుంది. ఎప్పుడూ రోడ్డుకు ఒకే అంచున పరుగెత్తినా వస్తుంది, ఎందుకంటే నీళ్లు పోవడానికి రోడ్డు అంచుకి వాలుగా ఉంటుంది. ఒక్కసారి స్పోర్ట్స్ ఫిజియోకి చూపించి ఖాయం చేసుకోండి. ఈలోగా మూడు పనులు చేయండి. దిగుళ్లన్నీ నడవండి. నొప్పి మొదలైన క్షణంలోనే ఆ రోజు పరుగు ఆపేయండి, "ఇంకొక్క కిలోమీటరు" అనొద్దు. వారానికి రెండుసార్లు రాత్రి టీవీ చూస్తూ ఇరవై నిమిషాలు తుంటికి వ్యాయామం చేయండి. పక్కకి పడుకుని పై కాలు నిటారుగా లేపడం, వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తడం, మెట్టు మీద ఒంటికాలితో నిలబడి రెండో మడమ నేలకి ఆనేలా మెల్లగా దిగడం. ఈ మూడోది అద్దం ముందు చేయండి. కుడి మోకాలు బొటనవేలు వైపు లోపలికి వంగుతుంటే సమస్య ఎక్కడుందో మీ కళ్లకే కనిపిస్తుంది. అడుగులు కూడా కాస్త చిన్నవిగా, త్వరత్వరగా పడాలి.

ఒక హెచ్చరిక. కాలి ముందు ఎముక మీద ఒకే చోట వేలు పెడితే చురుక్కుమనే నొప్పి వస్తే, రాత్రి పడుకున్నా తగ్గకపోతే, అది ఎముక బీట కావచ్చు. దాని మీద పరుగెత్తకూడదు, ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

ఇప్పుడు ఆడవాళ్లం బయటికి చెప్పుకోని విషయాలు. ముందు రక్తపరీక్ష. హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి బాగుంది అనుకోవద్దు. ఫెరిటిన్, బి12, విటమిన్ డి కూడా చేయించండి. ఫెరిటిన్ అంటే ఒంట్లో దాచిన ఇనుము నిల్వ. హిమోగ్లోబిన్ 12 ఉండి కూడా నిల్వ అడుగంటి ఉండొచ్చు. నెలసరి, దానికి తోడు దూరాలు, పైగా శాకాహారం, మూడూ కలిస్తే ఇది చాలా మామూలు. మెట్లెక్కితే ఆయాసం, జుట్టు రాలడం, ఎంత నెమ్మదిగా వెళ్లినా గుండె దడ ఉంటే ముందు దీన్నే అనుమానించండి. మాత్రలు డాక్టర్ చెప్పిన మోతాదులోనే వేసుకోండి. తోటకూర, శనగలు, రాగులు తిన్నప్పుడు పక్కన నిమ్మకాయో ఉసిరికాయో ఉంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనం అయిన వెంటనే టీ, కాఫీ తాగే అలవాటుంటే గంట దూరం జరపండి, ఆ ఇనుమును పట్టనివ్వనిది అదే.

రెండోది, కాన్పుల తర్వాత పరుగెత్తితే మూత్రం చుక్కలు పడటం. మీరు రాయలేదు, కానీ నన్ను విడిగా అడిగేవాళ్లలో సగంమంది ఇదే అడుగుతారు. సిగ్గుపడి నీళ్లు తాగడం మానేస్తారు, అది ఇంకా ప్రమాదం. కటి కండరాలకు వ్యాయామాలున్నాయి, నేర్పే ఫిజియోలున్నారు, రెండు మూడు నెలల్లో చాలామందికి తేడా కనిపిస్తుంది. నాకు కనిపించింది.

అత్తగారి భయం గురించి. ఆ మాట మన ఇళ్లలోనే కాదు, అమెరికాలో కూడా అనేవాళ్లు. 1967లో బోస్టన్ మారథాన్‌లో కాథరిన్ స్విట్జర్ నంబరు పెట్టుకుని పరుగెత్తుతుంటే ఒక అధికారి మధ్యలో వచ్చి ఆమె నంబరు లాగేయబోయాడు. ఆమె ఆగలేదు, పూర్తిచేసింది. బోస్టన్‌లో ఆడవాళ్లను అధికారికంగా రానిచ్చింది 1972లో. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల మారథాన్ మొదలైంది 1984లో, లాస్ ఏంజెలిస్‌లో. ఆ తర్వాత ఇన్నేళ్లలో లక్షలమంది పరుగెత్తారు, పరుగుకి గర్భసంచి ఊడిరాదు. అయితే కింద బరువుగా, ఏదో జారినట్టుగా మీకు నిజంగా అనిపిస్తుంటే మాత్రం గైనకాలజిస్టుకి చూపించుకున్నాకే దూరం పెంచండి. కాన్పుల వల్ల కొందరికి కటి కండరాలు సడలి ఉంటాయి. అత్తగారి మాట పూర్తిగా కొట్టిపారేయకుండా "చూపించుకున్నానత్తయ్యా, బాగుంది" అని చెప్పగలిగితే ఇంట్లో గొడవే ఉండదు.

మీవారి భయం కూడా న్యాయమైనదే. బీపీ, షుగరు, కొలెస్టరాల్, ఈసీజీ చేయించుకోండి. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండె జబ్బు ఉంటే, పరుగులో ఛాతీ పట్టేయడం, కళ్లు తిరగడం జరిగితే కార్డియాలజిస్టు ఒప్పుకున్నాకే ముందుకి. ఇంకో మాట, జ్వరంలో పరుగు వద్దు. జూలై, ఆగస్టుల్లో హైదరాబాద్‌లో ఇంటికొకరు డెంగీ, వైరల్ అంటూ పడుకుంటారు. జ్వరంలో ఉన్నప్పుడు శ్రమపడితే గుండె కండరానికి వాపు వచ్చే ప్రమాదం ఉంది. ప్లాన్ ప్రకారం ఆ వారం 28 ఉన్నా సరే వదిలేయండి. పోయిన వారాన్ని తర్వాతి వారంలో కలిపి చేయొద్దు.

తిండి. పొద్దున్నే తినలేకపోవడం అలవాటు మాత్రమే, మార్చుకోవచ్చు. గంట లోపు పరుగుకి ఖాళీ కడుపు ఫరవాలేదు. లాంగ్ రన్‌కి పనికిరాదు. మొదటి వారం బయల్దేరే ముందు ఒక ఖర్జూరం, తర్వాత అర అరటిపండు, తర్వాత ఒకటి, అలా పెంచండి. ఆగస్టుకల్లా గంటన్నర ముందు చిన్న గిన్నెడు ఉప్మా తినగలుగుతారు. ముందురోజు పెరుగన్నం, ఇడ్లీ లాంటివి మంచివి. పెసరట్టు, శనగలు, పచ్చి కూరగాయలు రేసు ముందురోజు వద్దు, కడుపులో గ్యాసు చేస్తాయి.

రేసులో తినడం ఎందుకంటే, మన కండరాల్లో, కాలేయంలో దాచుకోగల పిండిపదార్థం కలిపి సుమారు 500 గ్రాములు, అంటే 2000 కేలరీలు. అరవై కిలోల చుట్టూ ఉన్న మనిషికి 42 కి.మీ.కి దాదాపు 2500 ఖర్చవుతాయి. కొంత కొవ్వు నుంచి వచ్చినా, ఏమీ తినకుండా వెళ్తే 30 దాటాక ఒక్కసారిగా కాళ్లు సీసం పోసినట్టవుతాయి. దాన్నే రన్నర్లు "వాల్" అంటారు. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలి. రన్నర్లు దారిలో తినే చిన్న ప్యాకెట్ తియ్యటి జెల్‌లో 20, 25 గ్రాములుంటాయి, మామూలు సైజు అరటిపండులో కూడా ఇంచుమించు అంతే. జెల్ పడకపోతే మెత్తటి ఖర్జూరాలు, బెల్లం ముక్కలు పెట్టుకోండి. పల్లీ చిక్కీ వద్దు, నూనె ఉంటుంది, నమలడం కష్టం, గొంతులో పడుతుంది. ఆకలి కోసం ఆగకుండా మొదటి 45 నిమిషాల నుంచే మొదలుపెట్టండి. రేసులో ఏం తింటారో అదే మీ ఆదివారాల్లో ఆరేడుసార్లు తిని చూసి ఉండాలి.

నీళ్ల గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నేను దీనిలోనే పొరపాటు పడ్డాను. 2014లో నా మొదటి ఫుల్. డీహైడ్రేషన్ భయంతో ప్రతి నీళ్ల టేబుల్ దగ్గరా ఆగి రెండేసి గ్లాసులు తాగాను. దాహం వేయకపోయినా తాగాను. 30 దాటాక చేతివేళ్లు లావుగా అనిపించాయి. చూసుకుంటే ఉంగరం కదలడం లేదు, ఒక్కటే ఉన్న సన్న గాజు మణికట్టు దగ్గర కోసుకుపోతున్నట్టు బిగుసుకుంది. తలనొప్పి, వికారం. నీరసం అనుకుని ఇంకా తాగాను. పూర్తిచేసి పక్కకి వెళ్లి వాంతి చేసుకున్నాను. ఇంటికొచ్చి బరువు చూసుకుంటే పొద్దున కంటే కిలో పైన ఎక్కువున్నాను. ఐదున్నర గంటలు చెమటోడ్చిన మనిషి బరువు పెరిగిందంటే ఆ నీరంతా ఒంట్లోనే ఉండిపోయిందన్నమాట. రక్తంలో సోడియం పలచబడటం వల్ల అలా జరుగుతుందని తర్వాత డాక్టర్ చెప్పారు. ముదిరితే మెదడు వాచి ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికి వస్తుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మందికి ముగింపు గీత దగ్గర రక్తపరీక్ష చేస్తే 13 శాతం మందిలో సోడియం తక్కువగా తేలింది. నాలుగు గంటలకు మించి రోడ్డు మీద ఉన్నవాళ్లలో, దారిలో బరువు పెరిగినవాళ్లలో అది ఎక్కువ. అంటే మనలాంటి నెమ్మది రన్నర్లకే ఈ ప్రమాదం ఎక్కువ.

మీ చెమట లెక్క మీరే కట్టుకోవచ్చు. జూన్‌లో ఒకరోజు, ఆగస్టు మొదట్లో ఒకరోజు, గంట పరుగుకి ముందు, తర్వాత బరువు చూసుకోండి, ఒళ్లు తుడుచుకుని. పరుగుకి ముందు 62.4, తర్వాత 61.8, మధ్యలో 200 మి.లీ. తాగారనుకోండి. 600 గ్రాములు తగ్గారు, తాగింది 200, మొత్తం గంటకు 800 మి.లీ. చెమట. అంతా తిరిగి తాగక్కర్లేదు. దాహాన్ని బట్టి గంటకు 400 నుంచి 600 మధ్య తాగితే సరిపోతుంది. పరుగు అయ్యేసరికి బరువు కాస్త తగ్గి ఉండాలి, పెరిగి ఉండకూడదు.

ఓఆర్ఎస్ తీసుకెళ్లండి, కానీ సరిగ్గా కలపండి. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకి, చిన్నది 200 మి.లీ.కి. లీటరు ప్యాకెట్‌ని చిన్న సీసాలో చిక్కగా కలుపుకుని వచ్చేవాళ్లను ప్రతి ఏడూ చూస్తున్నాను, కడుపు తిప్పేస్తుంది. అట్టపెట్టెల్లో తియ్యగా అమ్మే డ్రింకుల్ని ఓఆర్ఎస్ అనుకోవద్దు. వాటి మీద ఆ పేరు ఉండకూడదని మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్లతరబడి పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా లేని డ్రింకుల మీద ఓఆర్ఎస్ అని రాయకూడదని 2025 అక్టోబరులో మన ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. ఆవిడ చేసింది పిల్లల కోసమైనా మనకూ మేలే.

నొప్పి మాత్రల గురించి. రేసు ముందు బ్రూఫెన్ లాంటివి వేసుకుంటే ఏమీ కాదని ఎవరైనా చెప్తే వినొద్దు. నీరు తగ్గిన ఒంట్లో అవి కిడ్నీల మీద పడతాయి.

మీ ట్రైనింగ్ ఎండాకాలంలో మొదలవుతోంది. మేలో పొద్దున ఐదింటికే ఉక్క. భయపడొద్దు, పది పద్నాలుగు రోజుల్లో ఒళ్లు అలవాటుపడుతుంది. చెమట త్వరగా పట్టడం మొదలవుతుంది, గుండె దడ తగ్గుతుంది. ఆ రెండు వారాలు స్పీడు ఇంకో పదిహేను, ఇరవై సెకన్లు తగ్గించండి. ఆగస్టులో వేడి తక్కువైనా గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. తల మీద, మెడ మీద నీళ్లు పోసుకుంటూ వెళ్లండి. పరుగులో ఎవరైనా తూలుతూ, అడిగినదానికి పొంతన లేకుండా మాట్లాడుతుంటే వడదెబ్బ అనుకోండి. నీడలో పడుకోబెట్టి ఒళ్లంతా చల్లటి నీళ్లు, ఐస్‌తో తడుపుతూనే అంబులెన్స్‌ని పిలవాలి. ఆస్పత్రికి తీసుకెళ్లేదాకా చల్లబరచడం ఆపితే ఆలస్యమైపోతుంది.

బూట్ల గురించి రెండే మాటలు. సాయంత్రం పూట, పాదం కాస్త వాచి ఉన్నప్పుడు కొనండి, కాలివేళ్ల ముందు చేతి బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. రేసుకి వేసుకునే జతతో ముందే కనీసం రెండు లాంగ్ రన్‌లు చేసి ఉండాలి. స్పోర్ట్స్ బ్రా కూడా అంతే. బట్టల కుట్లు ఒరుసుకునే చోట వ్యాజిలిన్ రాయకపోతే స్నానం చేసేటప్పుడు తెలుస్తుంది. నెలసరి రేసు రోజున రావచ్చు. ట్రైనింగ్‌లో ఒక లాంగ్ రన్ ఆ రోజుల్లోనే పడేలా చూసుకుని, ప్యాడా, కప్పా, ఏది సౌకర్యమో తేల్చుకోండి. రేసు రోజు వస్తుందని మాత్రలు వేసుకుని తేదీ జరపడం డాక్టర్‌ని అడగకుండా చేయొద్దు.

ఇక రేసు. మీ హాఫ్ టైముని 2.1తో గుణిస్తే 5 గంటల 25 నిమిషాలు వస్తుంది. తొలిసారి, ఈ ఎక్కుళ్లతో, ఈ తేమలో 5:35, 5:45 అనుకోండి. అంటే కిలోమీటరుకి 8 నిమిషాలకి కాస్త అటూ ఇటూ. నెక్లెస్ రోడ్డు మీద మొదటి 8 కి.మీ. 8:20 దాటి వేగంగా వెళ్లొద్దు. చేతులు కట్టేసినట్టు ఉంటుంది, అందరూ దాటిపోతారు, పోనివ్వండి. కటాఫ్ టైము, అంటే రేసు పూర్తిచేయడానికి ఇచ్చే గడువు, ఎంతో ముందే చూసి పెట్టుకోండి, మీకు ఇబ్బంది ఉండదు.

ప్రతి ఫ్లైఓవర్ ఎక్కుడూ మొదటి నుంచే నడవండి, అలసిపోయాక కాదు. చదునులో తొమ్మిది నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక. 1972 ఒలింపిక్స్‌లో పరుగెత్తిన జెఫ్ గాలోవే ఈ పద్ధతిని కొన్ని దశాబ్దాలుగా మామూలు జనానికి నేర్పుతూ వచ్చారు. నడిస్తే మారథాన్ చేసినట్టు కాదనేవాళ్లు ఉంటారు. నాలుగేళ్ల కిందట కేబుల్ బ్రిడ్జి మీద నాతోపాటు ఒకావిడ, అరవై దాటి ఉంటుంది, సల్వార్ మీదే టీషర్టు వేసుకుని, వాచీ బీప్ అన్నప్పుడల్లా నిమిషం నడిచి మళ్లీ పరుగు మొదలుపెట్టేది. మా ముందు దూసుకెళ్లిన కుర్రాళ్లు ఇద్దరు బ్రిడ్జి రెయిలింగ్ పట్టుకుని పిక్కలు నొక్కుకుంటున్నారు. ఆవిడ వాళ్లకి తన ఉప్పు నిమ్మకాయ ముక్క చెరొకటి ఇచ్చి, వాచీ చూసుకుని సాగిపోయింది. స్టేడియంలో నాకంటే ఆరు నిమిషాలు ముందుంది.

30 తర్వాత అందరికీ కష్టంగానే ఉంటుంది. అప్పుడు 12 కి.మీ. ఉందని లెక్కపెట్టొద్దు, తర్వాతి నీళ్ల టేబుల్ దాకా అనుకోండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, చలి పుట్టడం, ఒకే కాలిలో పదునైన నొప్పి, వీటిలో ఏది వచ్చినా ఆగిపోవాలి. పతకం వచ్చే ఏడాదీ ఇస్తారు.

పూర్తిచేశాక వెంటనే కూర్చోవద్దు, పది నిమిషాలు మెల్లగా నడవండి. మీవారిని ఇంట్లో కూర్చుని టెన్షన్ పడనివ్వకండి. కేబుల్ బ్రిడ్జి దాటాక ఎక్కడో ఒకచోట, ఆ తర్వాత స్టేడియం గేటు దగ్గర ఉండమనండి. పిల్లల్నీ తీసుకురమ్మనండి. ఆయన చేతిలో పొడి టీషర్టు, చెప్పులు, ఒక డబ్బాలో కాస్త ఉప్పు ఎక్కువేసిన పెరుగన్నం ఉండాలి. బూట్లు విప్పడానికి మీకు వంగడం కుదరదు, ఆయనే విప్పాలి.

ఈ వారమే రక్తపరీక్ష చేయించి ఫెరిటిన్ ఎంత వచ్చిందో, మెట్టు వ్యాయామం అద్దంలో ఎలా కనిపించిందో ఇక్కడే రాయండి. దాన్ని బట్టి మే నెల దూరాలు నేను మళ్లీ చూసి చెప్తాను.